ట్రాక్టర్ దాటని బేస్

టాపు లేని బండిలో బేస్ నిలవదు. అద్దాలు మూసిన కారులో గుండెకు తగిలే దరువు ట్రాక్టర్ మీదికి వచ్చేసరికి పలచబడిపోతుంది. డెక్కు అదే, బాక్సు అదే, ఆంప్లిఫయర్ అదే అయినా సరే. గొంతు వినిపిస్తుంది, చిటికెల చప్పుడు కూడా వినిపిస్తుంది, అడుగున ఉండాల్సిన దమ్ము మాత్రం ఉండదు. దాంతో వాల్యూమ్ పెంచుతారు. అదీ చాలక ఇంకో రెండు బాక్సులు తెచ్చి కడతారు. అప్పటికీ డ్రైవర్‌కు కావలసినంత బేస్ అందదు కానీ, రోడ్డు పక్క ఇళ్లలో రేకులు అదరడం మొదలవుతుంది. తెరిచిన బండిలో బేస్ లెక్క వాట్లతో కంటే దూరంతో ఎక్కువగా ముడిపడి ఉంటుంది. ఆ లెక్క పట్టుకుంటే డ్రైవర్‌కు కావలసిన దరువు దొరుకుతుంది, ఊరి నిద్రా మిగులుతుంది.

నిజామాబాద్ జిల్లా రుద్రూర్ చుట్టుపక్కల తెరిచిన బండి అంటే ముందుగా ట్రాక్టరే. బట్ట టాపు మడిచే థార్ జీపుల మీద మోజు ఉన్నమాట నిజమే. అయితే రోజంతా ఆరుబయట కూర్చుని పాట వింటూ పనిచేసేది ట్రాక్టర్ డ్రైవరే. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కలిసి ఈ నేలను చెరకు సీమగా మార్చాయి. రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన స్థానం ఉన్నదీ అందుకే. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలా పొలాలు వరికి మళ్లాయి. మిగిలిన చెరకు కామారెడ్డి జిల్లాలోని మిల్లుల దాకా పోవాలి. పక్కనే దించి వచ్చే లోడు కాస్తా గంటల ప్రయాణమైంది. చలికాలపు రాత్రి, వెనక చెరకు ట్రాలీ, ముందు చీకటి రోడ్డు. కన్ను మూతపడకుండా ఉండాలంటే పాట తోడు కావాలి. దాన్ని ఆకతాయితనమని కొట్టిపారేయడం న్యాయం కాదు. తెల్లారే లేచి కూలికి పోవలసిన మనిషి నిద్రను లెక్కచేయకపోవడమూ న్యాయం కాదు.

మూసిన కారులో బేస్ ఎందుకు బలంగా ఉంటుందో ముందు చూడాలి. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. 50 హెర్ట్జ్ బేస్ అలల పొడవు దాదాపు 7 మీటర్లు. కారు లోపలి పొడవు రెండున్నర మీటర్లే. అంత పెద్ద అల అందులో పట్టదు కాబట్టి ఊఫర్ కదిలినప్పుడల్లా లోపలి గాలి మొత్తం ఒక్కసారిగా ఒత్తుకుని వదులుతుంది. రెండున్నర మీటర్ల క్యాబిన్‌లో సుమారు 70 హెర్ట్జ్ కంటే కిందికి దిగే కొద్దీ ఈ లాభం పెరుగుతుంది. లెక్క ప్రకారం ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ 12 డెసిబెల్స్ వరకు కలిసి రావచ్చు. కార్ల కోసం చేసిన ఊఫర్ బాక్సులు చాలావరకు ఈ ఉచిత లాభాన్ని ముందే లెక్కలో వేసుకున్నవి. టాపు తీసేస్తే ఆ లాభం పోతుంది. ట్రాక్టర్‌కు అసలు గోడలే లేవు. ఊఫర్ ముందుకు తోసిన గాలి నాలుగు దిక్కులా జారిపోతుంది.

పోయినదాన్ని ఊఫర్ కండబలంతో తిరిగి తేవడం చాలా ఖరీదు. ఆరుబయట అంతే శబ్దాన్ని సగం ఫ్రీక్వెన్సీ దగ్గర ఇవ్వాలంటే కోన్ నాలుగింతల గాలిని కదపాలి. 80 హెర్ట్జ్ దగ్గర హాయిగా పలికే ఎనిమిది అంగుళాల ఊఫర్, 40 దగ్గర అంతే పలకాలంటే దాని చేత కాదు. కోన్ హద్దు దాటి కొట్టుకుంటుంది, కాయిల్ వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది.

దీనికి తోడు ట్రాక్టర్ ఇంజన్ కూడా ఒక బేస్ వాయిద్యమే. మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ 1500 ఆర్‌పీఎం మీద నడుస్తుంటే సెకనుకు ముప్పై ఏడున్నర పేలుళ్లు, 2000 మీద 50. నాలుగు సిలిండర్లదైతే అవే వేగాలకు 50, 67. పాటలోని అట్టడుగు బేస్ ఉండేదీ అక్కడే. బండి నిలిపి ఉన్నప్పుడు అదిరిపోయిన పాట, గేరు వేసి కదలగానే చప్పబడిపోవడానికి కారణం ఇదే. ఇంజన్ మోత తనతో సమానమైన బేస్‌ను మింగేయడంతో ఊరుకోదు, దాని పైన ఉన్న కొంత మేరను కూడా కమ్మేస్తుంది. కాబట్టి ఈక్వలైజర్‌లో 40, 50 గీతలను పైకి నెట్టడం డీజిల్ మోతతో పోటీ పడటమే, అందులో గెలుపు లేదు. ఆ శక్తిని 70 నుంచి 110 హెర్ట్జ్ మధ్య ఖర్చు చేస్తే దరువు బయటికి వస్తుంది.

అడుగు బేస్ వదిలేస్తే పాట బోసిపోతుందేమో అన్న భయం అక్కర్లేదు. ఇక్కడ మనిషి చెవి సాయం చేస్తుంది. 60 హెర్ట్జ్ స్వరంతో పాటు 120, 180, 240 దగ్గర దాని పై స్వరాలు కూడా పలుకుతాయి. అడుగుది వినిపించకపోయినా పైవాటి మధ్య ఎడాన్ని బట్టి మెదడు 60నే వింటుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ 300 హెర్ట్జ్ కింద ఏమీ పంపేది కాదు. అయినా 120 దగ్గర పలికే మగ గొంతు అందులో మగ గొంతుగానే వినిపించేది. తెలంగాణలో ఆరుబయట వాయించే డప్పును గమనించినా ఇదే తెలుస్తుంది. తీన్మార్ దరువుకు కాళ్లు కదిలేది అట్టడుగు మోత వల్ల కాదు, పుల్ల తగిలిన క్షణంలో పుట్టే పదును వల్ల. ఆ పదును మధ్య స్థాయి శబ్దాల్లో ఉంటుంది. బేస్ గిటార్ పైస్వరాలు, డ్రమ్ము దెబ్బ మొదలు స్పష్టంగా వినిపించేలా చూసుకుంటే సగం బేస్ దానంతటదే వస్తుంది.

మిగతా సగం దూరానిది. ఆరుబయట చిన్న బాక్సు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. దీన్ని తిరగేస్తే, రెండు మీటర్ల దూరంలో ఉన్న బాక్సును అర మీటరు దగ్గరికి జరిపితే డ్రైవర్ చెవికి 12 డెసిబెల్స్ కలిసి వస్తాయి. అదే 12 డెసిబెల్స్ ఆంప్లిఫయర్‌తో తేవాలంటే పదహారింతల శక్తి కావాలి. 100 వాట్లతో అయ్యే పనికి 1600 వాట్లు పెట్టాలన్నమాట.

ఊరి సంగతీ ఇందులోనే ఉంది. డ్రైవర్ చెవి దగ్గర 100 డెసిబెల్స్ బేస్ కావాలనుకుందాం. బాక్సు అర మీటరు దూరంలో ఉంటే 32 మీటర్ల అవతల ఉన్న ఇంటికి చేరేది 64. అదే బాక్సు రెండు మీటర్ల వెనక ట్రాలీ ముందు పలకకు బిగిస్తే, డ్రైవర్‌కు అంతే వినిపించేసరికి ఆ ఇంటికి 76 చేరుతుంది. డ్రైవర్‌కు ఒక్క పిసరు ఎక్కువ దక్కలేదు, ఇల్లు మాత్రం అదిరింది. ట్రాలీ మీద, టాపు మీద, బానెట్ ముందు బాక్సులు బిగించే అలవాటు మానడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఈ దారిని కంపెనీలూ పట్టాయి. జపాన్ కంపెనీ మాజ్దా తన రెండు సీట్ల కన్వర్టిబుల్ ఎంఎక్స్-5లో, బోస్ సంస్థ సిస్టమ్‌తో, సీటు తలగడల్లోనే స్పీకర్లు పెట్టింది. 2020 అక్టోబరు 2న మార్కెట్లోకి వచ్చిన కొత్త థార్‌లో మహీంద్రా స్పీకర్లను తలమీదుగా బిగించింది. దాంతో పాట చెవి దగ్గరే ఉంటుంది. అయితే తలపై చిన్న స్పీకర్లు గొంతుకే సరిపోతాయి. బేస్ కోసం సీటు కింద పట్టే పలచటి సబ్‌ఊఫర్ వేరుగా కావాలి.

ఇంకో మెట్టు దగ్గరికి వస్తే గాలి కూడా అక్కర్లేదు. సీటు కింది రేకుకు బిగించే బేస్ షేకర్ అని ఒక పరికరం ఉంది. కోన్ లేని స్పీకర్ అది. లోపలి బరువు ఊగి, ఆ ఊపును నేరుగా సీటుకు, సీటు నుంచి నడుముకు, వెన్నుకు అందిస్తుంది. అడుగు బేస్‌ను మనిషి ఎలాగూ చెవితో పాటు ఒంటితోనూ వింటాడు. ఊరికి దాదాపు ఏమీ చేరదు. తెరిచిన బండికి ఇంతకు మించిన మర్యాద గల బేస్ ఇంకోటి లేదు. ట్రాక్టర్ సీటు అసలే స్ప్రింగుల మీద అదురుతుంది కాబట్టి పొలంలో దీని ప్రభావం కొంత మరుగున పడుతుంది. తారు రోడ్డు మీద మాత్రం బాగా తెలుస్తుంది.

బాక్సు విషయంలో ఎనిమిది లేదా పది అంగుళాల ఊఫర్, గాలి చొరని మూత బాక్సు ట్రాక్టర్‌కు తగినవి. గొట్టం ఉన్న బాక్సు ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఎక్కువ మోగుతుంది కానీ, దానికి కింద కోన్‌కు పట్టు ఉండదు. పైగా ఆ గొట్టంలోంచి చెరకు తోటల దుమ్ము, నాట్ల కాలంలో బురద చుక్కలు లోపలికి పోతాయి. చెక్కగా ఎండీఎఫ్ పనికిరాదు, ఒక్క వానాకాలానికే ఉబ్బిపోతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ మన్నుతుంది. కాగితం కోన్, ఫోమ్ అంచు ఎండకు పొడిపొడి అవుతాయి, పాలీప్రొపిలీన్ కోన్, రబ్బరు అంచు నిలుస్తాయి. బాక్సు కట్టాక కోన్‌ను రెండు అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కి వదలాలి. అది తాపీగా వెనక్కి వస్తే బాక్సులో గాలి నిలుస్తున్నట్టు. టక్కున వచ్చేస్తే ఎక్కడో సందు ఉన్నట్టే. అక్కడ సిలికాన్ పూయాలి.

దాన్ని బిగించాల్సిన చోటు సీటు వెనక, రెండు మడ్‌గార్డుల మధ్య. ఊఫర్ మొహం డ్రైవర్ వీపు వైపు ఉండాలి. హైడ్రాలిక్ చేతులు పైకి లేచే దారికి, పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్టుకు, లివర్లకు అడ్డు రాకుండా చూడటం అన్నిటికంటే ముఖ్యం. కింద రబ్బరు బుష్‌లు వేయకపోతే బండి అదురుకు స్క్రూలు వదులై, పాటలో లేని గలగల పుట్టుకొస్తుంది. చాలాసార్లు బాక్సు పగిలిందని అనుకునే చప్పుడు మడ్‌గార్డు రేకుది.

కరెంటు దగ్గర జరిగే మోసం ఎక్కువ. బాక్సుల మీద రాసే వేల వాట్ల పీఎంపీఓ అంకెకు అర్థం లేదు, చూడాల్సింది నిలకడగా ఇవ్వగల శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ ఒక్కటే. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ ఆంప్లిఫయర్, అదీ శక్తిని తక్కువగా వృథా చేసే క్లాస్ డి రకమైనా, నిండుగా వాడితే 45 ఆంపియర్లకు పైగా లాగుతుంది. చాలా ట్రాక్టర్ల ఆల్టర్నేటర్ ఇచ్చేది 40 ఆంపియర్ల చుట్టుపక్కలే, అందులోంచే లైట్లూ వెలగాలి. 200 వాట్ల నిజమైన ఆంప్లిఫయర్ 20 ఆంపియర్ల లోపే పని కానిస్తుంది, దగ్గరగా పెట్టిన ఊఫర్‌కు అది సమృద్ధిగా సరిపోతుంది. దానికి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేని ప్లస్ తీగ ఒరుసుకుని ఇనుముకు తగిలితే ఎండు చెరకు ఆకు పక్కన నిప్పు పుట్టినట్టే.

తర్వాత ట్యూనింగ్. ముందు తీగల దిశ సరిచూడాలి. ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకిస్తే కోన్ బయటికి రావాలి. కుడిది బయటికి, ఎడమది లోపలికి పోతుంటే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బేస్ లేదని కొత్త బాక్సులు కొన్న ఎన్నో బండ్లలో అసలు జబ్బు ఒక్క తీగ తారుమారు కావడమే. చిన్న స్పీకర్లకు 110 హెర్ట్జ్ కింద ఏమీ పోకుండా, ఊఫర్‌కు దానికి పైన పోకుండా క్రాస్‌ఓవర్ పెట్టాలి. అట్టడుగు శబ్దాలను కోసే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంటే, దాన్ని 35 హెర్ట్జ్ దగ్గర పెట్టడం ఊఫర్‌కు ఆయుష్షు. డెక్కు వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, ఆంప్లిఫయర్ గెయిన్‌ను పాట బొంగురుపోయేదాకా తిప్పి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి తెచ్చి వదిలేయాలి. ఈ పనంతా ఇంజన్ నడుస్తుండగా చేస్తేనే ఫలితం రోడ్డు మీద నిలుస్తుంది. బేస్ ఒక్కటే తగ్గించే చిన్న నాబ్‌ను తీగతో స్టీరింగ్ దగ్గరికి తెచ్చుకోవాలి. ఊరు దగ్గరపడగానే పాట ఆపకుండా బేస్ మాత్రమే దించడానికి అది తప్పనిసరి.

డ్రైవర్ చెవి సంగతీ చూడాలి. క్యాబిన్ లేని ట్రాక్టర్ సీటు దగ్గర ఇంజన్ మోతే 85 డెసిబెల్స్ దాటడం మామూలు. రోజుకు ఎనిమిది గంటలకు నిపుణులు పెట్టిన హద్దు అదే. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర పావుగంటే. ఈ అంకెలు చెవి స్పందనకు తగ్గట్టు సరిదిద్దినవి కాబట్టి బేస్ కంటే పై శబ్దాలే ఇందులో ఎక్కువ లెక్కకు వస్తాయి. అందుకే చెవిలోకి కోసుకుపోయే ట్వీటర్‌ను తగ్గించడం మొదటి జాగ్రత్త. చెరకు లోడు వెనక చూసే అద్దాన్ని కప్పేస్తుంది, వెనక వచ్చే లారీని పట్టించేది హారన్ ఒక్కటే. హారన్ వినిపించనంత పాట ఏ రోడ్డు మీదా పనికిరాదు.

ఇక ఊరి వైపు. పై శబ్దాలను గోడ ఆపుతుంది, బేస్‌ను ఆపలేదు. ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ గోడ అడ్డుకునే శక్తి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే లోపల పడుకున్నవాళ్లకు పాట మాటలు తెలియవు, గుబగుబ మాత్రమే తెలుస్తుంది. రేకుల కప్పు, కిటికీ రెక్క దానికి తోడై గిలకొడతాయి. మధ్య స్థాయి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, బేస్‌కు ఆరేడు చాలు. నాబ్ కొంచెం తిప్పినా ఇంట్లోవాళ్లకు పెద్ద తేడా పడుతుంది, తగ్గించినా అంతే.

చెరకు కాలానికి ఇంకో చిక్కుంది. నరుకుడు, మిల్లు ఆడటం చలికాలంలో సాగుతాయి. ఆ రాత్రుల్లో నేల చల్లబడి, దానిపై వెచ్చటి గాలి పొర నిలుస్తుంది. పైకి పోవాల్సిన శబ్దం ఆ పొరలో వంగి మళ్లీ నేల వైపే వస్తుంది. నీళ్లు నిండిన చదును పొలాలు దాన్ని పెద్దగా పీల్చుకోవు. పగలు పక్క పొలం దాటని దరువు జనవరి అర్ధరాత్రి పక్క ఊరి దాకా వినిపించడం అందుకే. పగటి వాల్యూమ్ రాత్రికి పనికిరాదు.

చట్టం కూడా రాత్రినే గట్టిగా పట్టుకుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో 50, 40. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ఆ వేళల్లో మూసిన హాళ్ల వంటి చోట్ల తప్ప సౌండ్ సిస్టమ్ వాడకూడదు. 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ నియమాలకు మరింత బలం చేకూర్చింది.

అయితే ఈ హద్దులు కొలిచే మీటర్ బేస్‌కు చెవుడు. చెవి స్పందనను అనుకరించే ఏ-తూకం 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ కోసేస్తుంది. ఇంటి గోడ దగ్గర 80 డెసిబెల్స్ ఉన్న బేస్ మీటర్‌లో 54గా కనిపించి, పగటి హద్దులోనే ఉన్నట్టు తేలుతుంది. మంచం కోడు అదురుతున్నా సరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు పడకగదిలో 30 డెసిబెల్స్ మించకూడదని చెబుతూ, బేస్ ఎక్కువున్న శబ్దానికి అంతకంటే తక్కువ హద్దు ఉండాలన్నది అందుకే. మీటర్ పాస్ చేసిందనే మాట ఇరుగుపొరుగుకు జవాబు కాదు. పడుకున్న మనిషి వచ్చి అడిగితే ఆ మాటనే కొలతగా తీసుకోవాలి.

దగ్గరితనం సూత్రం పనిచేయని చోటు ఒకటుంది, బరాత్‌లు, నిమజ్జనాల డీజే బండి. అక్కడ వినేది ఒక్క డ్రైవర్ కాదు, గుంపు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పోలీసు అనుమతితో నడిపేవారు చేయగలిగింది బేస్‌ను దిశ చూపి పంపడం. 70 హెర్ట్జ్ అలలో నాలుగో వంతు 1.2 మీటర్లు. అంత ఎడంతో రెండు బేస్ బాక్సులను ముందూ వెనకా పెట్టి, వెనకదాని తీగలు తిప్పి, దానికి మూడున్నర మిల్లీసెకన్ల ఆలస్యం ఇస్తే, బండి వెనక రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, ముందు కలిసి వస్తాయి. ఆడేవాళ్లు బండి ముందే ఉంటారు కాబట్టి వెనకకు పోయే బేస్ ఎలాగూ దండగే. బోధన్ పాత వీధుల వంటి ఇరుకు సందుల్లో గోడలకు తగిలి శబ్దం తిరిగి వస్తుంది, అక్కడ ఈ ఏర్పాటు వల్ల లాభం తగ్గుతుంది. అలాంటి చోట బేస్ బాక్సుల స్విచ్ ఆపేసి, పై బాక్సులతో, డప్పులతో సందు దాటించి, మళ్లీ వెడల్పు రోడ్డు ఎక్కాక వేసుకోవచ్చు.